మొగమాటము - ఊరుమ్మడి నేల

మన భాషలో మొగమాటము అను మాట యొకటి యున్నది. సంస్కృతమున దాక్షిణ్యమను పదము దీనికి సమీపమైనది గాని, దాక్షిణ్యము గుణము. మొగమాటము గుణమో దోషమో చప్పున తేల్చిచెప్పుట కష్టము. ఇంగ్లీషున దీనికి సరియైన యొక్క మాట నాకింతవరకు దొరకలేదు. ఎదుటివాని ముఖము చూచి, మనస్సునందున్న మాటను నోటికి రానీయక మ్రింగివేయుటయే మొగమాటము. ఇంటిలో దీనివలన పోవునది స్వల్పము: తిరిగిరాని చేబదులొకటి, ఇష్టములేని విందొకటి. ఊరి వ్యవహారములలో దీనివలన పోవునది భూమి. మన పట్టణములలోని పార్కులు, ఆటస్థలములు, వీధిమలుపులలోని ఖాళీ నేలలు దౌర్జన్యమువలన పోయినదానికంటె మన మొగమాటమువలన పోయినదే యధికమని నాకు తోచుచున్నది. ఆ సంగతిని గుఱించియే యీ నాలుగు మాటలు.

పోరంబోకు అను మాటకు పట్టిన గతి చూడుడు. రెవెన్యూ లెక్కలలో అది ఎవ్వరికిని పట్టా గాక, ఊరివారందఱి యుపయోగమునకై విడువబడిన నేల: చెఱువు, బాట, శ్మశానము, పశువులు నిలుచు చోటు. అట్టి గౌరవమైన మాటను మనము తిట్టుగా చేసికొంటిమి. పనిపాటలు లేక తిరుగువానిని పోరంబోకని తిట్టుచున్నాము. అందఱిదియైన వస్తువు ఎవ్వరిదియు గాదను భావము మన నాలుకపై ఎంతగా నాటుకొన్నదో తెలియుటకు ఈ తిట్టొకటి చాలును. పల్లెలో చెఱువుగట్టునకు జరిగినదే పట్టణములో పార్కునకు జరుగుచున్నది.

పట్టణపు పార్కు ఆకాశమునుండి ఊడిపడినది కాదు. పొలమును ప్లాట్లుగా విడగొట్టునపుడు లేఅవుటు నిబంధనలనుబట్టి కొంత భాగము బాటలకును, కొంత భాగము, చాలచోట్ల సుమారు పదియవవంతు, ఖాళీస్థలమునకును విడువవలెను. ఆ భాగమును అమ్మరాదు. స్థానిక సంస్థకు స్వాధీనపఱుపవలెను. అయినచో లేఅవుటు వేసినవాడు ఆ నేలను ఉచితముగా నిచ్చెనా? ఇయ్యలేదు. దాని వెలను మిగిలిన ప్లాట్ల వెలలో కలిపియే అమ్మెను. కావున రెండువందల గజముల ప్లాటు కొన్నవాడు పార్కులో తన వంతునకు గూడ సొమ్ము చెల్లించియే యున్నాడు. పార్కు మునిసిపాలిటీవారు పెట్టిన ధర్మసత్రము కాదు. అది మనము కొన్న యుమ్మడి యాస్తి. మునిసిపాలిటీని దానికి యజమాని యనుటకంటె ధర్మకర్త యనుట యుక్తము.

నేను తొమ్మిదేండ్లక్రిందట ఒక కాలనీకి కాపురము వచ్చితిని. దాని పేరు అనవసరము. అట్టివి ప్రతి పట్టణమునను గలవు. అఱువది యిండ్లు, నడుమ పార్కు. లేఅవుటు పటములో పార్కు విస్తీర్ణము 1200 చదరపు గజములు. నేను వచ్చునప్పటికే అది చాలవఱకు తఱిగిపోయి యున్నది. ఎట్లు తఱిగినదని పాతకాపులనడిగి తెలిసికొన్న కథ యిది.

పార్కునకు పడమట ఒక పెద్దమనిషి యిల్లు. మొదటి యేట ఆయన తన పెరటిగోడకు వెలుపల రెండడుగుల మేర మల్లెపాదులు వేసెను. అందఱును మెచ్చుకొనిరి, సాయంకాలమున ఆడవారు మొగ్గలు కోసికొనిరి. మఱుసటి యేట పశువులు పాడుచేయుచున్నవని ముండ్లకంచె వచ్చెను. కంచెకు బదులు తీగ, తీగకు బదులు గోడ వచ్చినవి. పాత పెరటిగోడలో తలుపు పడెను. తలుపునకెదురుగా కారు నిలుపుటకు రేకుల పందిరి లేచెను. పందిరి గదియయ్యెను, గదికి కరెంటు మీటరు వచ్చెను, పిమ్మట అద్దెకు మనుష్యులు వచ్చిరి. మల్లెపాదునకును అద్దెగదికిని నడుమ పదునాలుగేండ్లు గడచినవి. ఇది ఆక్రమణమని చూచువారికి తోచునంతటి పెద్ద యడుగు ఏ యొక్కనాడును పడలేదు.

తూర్పున వేపచెట్టు క్రింద ఎవరో యొక రాయి నిలిపి పసుపు కుంకుమలు పెట్టిరి. రాయికి అరుగు, అరుగునకు పందిరి, పందిరిలో హుండి, హుండికి కమిటీ, కమిటీకి రెండు దుకాణపు గదులు క్రమముగా కలిగినవి. ఆ గదులలో ఒకదానియందు సెల్‌ఫోనులు బాగుచేయుదురు. ఉత్తరమున కాలనీ సంఘమువారే కార్యాలయమను పేర ఒక హాలు కట్టి, పెండ్లిచూపులకును సీమంతములకును అద్దెకిచ్చుచుండిరి. దక్షిణపు మూలను వాచ్‌మన్ కుటుంబము గుడిసె వేసికొని యుండెను. ఒకనాడు నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు క్షేత్రగణితము చెప్పుచు, టేపు తెప్పించి పార్కును కొలిపించితిని. పెద్దమనిషి గోడలోనిది 210 గజములు, గుడియు దుకాణములును 130, సంఘపు హాలు 120, గుడిసె 20. వెరసి 480. మిగిలినది 720. పిల్లలలో నొకడు లెక్క చూచి, "సార్, అందరికంటే తక్కువ తీసుకున్నది వాచ్‌మన్ తాతే కదా" అనెను. ఆ మాటను నేను పిమ్మట పలుమాఱు జ్ఞాపకముచేసికొనవలసివచ్చినది.

ఆ నేల పిల్లలకెందుకని యడుగువారు నేటి పట్టణపు పాఠశాలలను చూడలేదనవలెను. మూడంతస్తుల యింటిలో బడి. క్రింద వాహనములు, పైన తరగతులు. ఆటల గంట కాగితముమీద నుండును; ఆటస్థలముండదు. మా బడిపిల్లలకు పరుగెత్తుటకు ఆ 720 గజములే దిక్కు. అందులోనే ముసలివారు నడువవలెను, ఆడవారు కూర్చుండవలెను, వానకాలమున వీధుల నీరు ఇంకవలెను. చోటు చాలక పోట్లాట వచ్చినపుడు మొదట వెడలగొట్టబడువారు ఆడపిల్లలు. మగపిల్లలు బంతి తెచ్చిన మఱుక్షణము వారు గోడవార నిలుచుండుట నేను ప్రతిదినమును చూచుచుంటిని. గోడ జరిగిన ప్రతి గజమును మొదట వారి వంతునుండియే తగ్గినది.

ఇక మొగమాటము సంగతి. ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాడు. మా పాఠశాలలో పదవ తరగతి ప్రథమునికి ఏటేట బహుమానమిచ్చుచుండెను. మా తల్లికి జబ్బుచేసిన రాత్రి తన కారులో ఆస్పత్రికి చేర్చినవాడాయనయే. అట్టివానితో ఈ మాట యెట్లెత్తుట? అయినను అర్జీకి ముందు మనిషితో మాటాడవలెనని వెళ్లితిని. ఆయన కాఫీ తెప్పించి, నా మాట విని, "మాస్టారూ, ఆ మూల ఒకప్పుడు చెత్తకుప్ప. పాములు తిరిగేవి. నా డబ్బు పెట్టి బాగుచేశాను. మునిసిపాలిటీ వాళ్లు ఏం చేశారు చెప్పండి" అనెను.

"బాగుచేసిన మాట నిజమేనండి. మల్లెలు మీవే. నేల మాత్రం అందరిదీ కదండీ" అంటిని.

"అందరిదీ అంటే నాది కూడా కాదా?"

"మీది కూడానండి. మీ ఒక్కరిదీ మాత్రం కాదు."

ఆయన నవ్వెను గాని, ఆ నవ్వుతో సంభాషణ ముగిసినది.

చెత్త తీసితిని గనుక నాది అను వాదము మన పట్టణములలో మిక్కిలి ప్రచారములో నున్నది. అది వినుటకు న్యాయముగానే యుండును. కాని బడిలో బల్ల తుడిచిన పిల్లవాడు ఆ బల్లను ఇంటికి గొనిపోవచ్చునా? సేవచేసినవానికి మెప్పు రావలెను, కావలసినచో ఖర్చు రావలెను, స్వామ్యము రాదు. మఱియు మునిసిపాలిటీవారి యశ్రద్ధ నిజమైన నేరమే. కాని దానికి శిక్ష వారిపై పడవలెను గాని పిల్లల యాటస్థలముపై పడరాదు.

స్మృతులు చదివినవాడను గనుక ఒక సంగతి చెప్పెదను. గ్రామము చుట్టును నూఱు ధనుస్సుల మేర, అనగా నాలుగువందల మూరల మేర, ఉమ్మడి బీడు విడువవలెననియు, నగరమునకు దానికి మూడురెట్లుండవలెననియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయములో నున్నది. హద్దులయందు దీర్ఘకాలము బ్రతుకు చెట్లు నాటవలెననియు, పైకి కనబడు గుఱుతులు చాలవు గనుక రాళ్లు, బొగ్గులు, పెంకులు మొదలైనవానిని భూమిలో రహస్యముగా పాతవలెననియు గలదు. మనుష్యుడు హద్దురాయిని జరుపునని ఆ కాలమువారికిని బాగుగా తెలియును. ఇల్లు, తటాకము, తోట, పొలము వీనిని బెదిరించి అపహరించినవానికి 500 పణముల దండనము, తెలియక చేసినవానికి 200 అని యచ్చటనే యున్నది. ఆ గ్రంథములో నేను పిల్లలకు చెప్పుటకు సిగ్గుపడు భాగములు పెక్కు గలవు; కులమునుబట్టి శిక్షను మార్చిన శాసనమును నేటి ధర్మమనలేము. కాని ఈ యొక్క విభాగము నాకు సమంజసముగా తోచినది. అపహరించిన నేల రెండు సందర్భములలోను ఒకటియే. అపరాధము మాత్రమొకటి కాదు. తెలిసి బలముచూపి తీసికొన్నవానిని, తెలియక కొన్నవానిని ఒకే త్రాసున తూచరాదు. వీరిద్దఱికిని చేరనివాడు మూడవవాడొకడు నేటి పట్టణములో గలడు: తలదాచుకొనుటకు వేఱొక చోటు లేనివాడు.

నేటి న్యాయస్థానములును ఈ విషయమున మౌనముగా లేవు. బెంగళూరులో పార్కునకని పటమున చూపిన స్థలమును ప్రైవేటు ఆస్పత్రి కొఱకిచ్చినపుడు, అది చెల్లదనియు, అచ్చటి నివాసులకు అడుగు హక్కు గలదనియు 1991లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఆస్పత్రి మంచిదే యైనను పార్కు పార్కుగానే యుండవలెనన్నమాట. లక్నోలో అమీనాబాదునందలి ఝండేవాలా పార్కు క్రింద అంగళ్ల సముదాయము కట్టుటకు అచ్చటి నగరపాలకులే అనుమతించిరి. 1999లో సుప్రీం కోర్టు దానిని తొలగించి పార్కును పునరుద్ధరింపుమని యాజ్ఞాపించినది. ఊరుమ్మడి నేలలను గుఱించి 2011లో పంజాబునుండి వచ్చిన యొక వ్యాజ్యములో, చిరకాలమునుండి యుండుట గాని, పెద్ద మొత్తము వెచ్చించి కట్టుట గాని, రాజకీయ పలుకుబడి గాని ఆక్రమణకు సమర్థనము కాదనియు, భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి ప్రభుత్వమిచ్చిన కౌళ్లు, అప్పటికే బడియో వైద్యశాలయో యున్న చోట్లు మొదలగువానిని మాత్రమే మినహాయింపవచ్చుననియు నిర్ణయమైనది. కాలిబాటలపై నివసించువారి విషయమున 1985లో వచ్చిన బొంబాయి తీర్పు, కాలిబాట ఎవ్వరి సొంతము కాదని చెప్పుచునే, జీవనోపాధి జీవించు హక్కులోని భాగమనియు, వారి మాట విననిదే తీసివేయరాదనియు పలికినది.

ఇన్ని తీర్పులుండియు నేల యేల పోవుచున్నది? చట్టము ఎవరో యడిగినగాని మేల్కొనదు. అడుగుటకు కాగితము కావలెను. కాగితముపై సంతకము కావలెను. సంతకము వద్దకు వచ్చునప్పటికి మొగమాటమడ్డుపడును. ఇంతలో మల్లెపాదు గదియగును. గదిని ఎవరో కొందురు, బ్యాంకు అప్పిచ్చును, రిజిస్ట్రేషను జరుగును, నల్లా వచ్చును. అప్పటికి నిజముగా ఏమియు తెలియని కుటుంబమొకటి ఆ యింటిలో నుండును. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదునందు హైడ్రా అను సంస్థను నెలకొల్పి చెఱువులను, పార్కులను విడిపించుటకు పూనుకొన్నపుడు పెక్కుమంది చప్పట్లు కొట్టిరి. సామాన్యుల యిండ్ల యొద్దకు యంత్రము వచ్చినపుడు వారిలోనే పలువురు భయపడిరి. ఆ సంవత్సరము నవంబరులో సుప్రీం కోర్టు, కూల్చివేతకు ముందు పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెననియు, బాటలు, కాలిబాటలు, జలాశయములు మొదలగు బహిరంగ స్థలములలోని అక్రమ కట్టడములకు ఆ నిబంధనము వర్తింపదనియు చెప్పినది. యంత్రము అవసరము కాదని నేననను. కాని ముప్పదియేండ్లు ఎవ్వరును మాటాడకపోవుటచేత వచ్చిన పనిని యంత్రము ముప్పది నిమిషములలో చేయుచున్నదని మఱువరాదు. రెండడుగుల మల్లెపాదునాడు ఒక్క మెత్తని మాట సరిపోయెడిది.

మా కాలనీలో అర్జీ వ్రాసితిమి. అఱువది యిండ్లకు సంతకములు పదునేడు. తక్కినవారిలో శత్రువులెవ్వరును లేరు. ఒకరు ఆయనకు వియ్యంకులు. ఒకరు ఆయనవద్ద అప్పు తీసికొనిరి. ఒకరు గుడికమిటీలో నుండిరి. పలువురి యింటిమెట్లు వీధిలోనికి రెండడుగులు చొచ్చియుండెను. ప్రతివాని నోరును వాని చిన్న మెట్టే కట్టివేసినది. పెద్ద యాక్రమణమునకు కాపలా కాయునది మన చిన్న చిన్న యాక్రమణములే యని నాకప్పుడు తెలిసినది.

నాలుగు నెలలకు అధికారులు వచ్చిరి. మొదటి నోటీసు గుడిసె తలుపునకతికించిరి. గడువు మూడు దినములు. గోడకు నోటీసు లేదు, హాలునకు లేదు. గుడిసెకు వకీలు లేడు గనుక పని సులువు. నాలుగవనాడు యంత్రము రాగా, సంతకములు చేసినవారిలో ఆడవారు కొందఱును నేనును ఎదుట నిలిచితిమి. అధికారి ఆశ్చర్యపడి, "అర్జీ పెట్టింది మీరే కదండీ?" అనెను. "మేమేనండి. అర్జీలో నాలుగున్నాయి. గోడ మొదటిది, గుడిసె నాలుగోది. వరుసగా రండి" అంటిమి. వాచ్‌మన్ భార్య వంటసామాను బయట పెట్టుకొని కూర్చుండియుండెను. ఇరువదేండ్లు ఆ పార్కును ఊడ్చినది ఆమె. చెత్త తీసినవారిదే నేల యగునేని, అది మొదట ఆమెది కావలసియుండెను.

అటుపిమ్మట పని కదలినది మఱొక మార్గమున. సంఘపు సమావేశములో, ఇతరులను కదలింపుటకు ముందు మన హాలును మనమే తీయుదమని కొందఱు పట్టుపట్టితిమి. అద్దె పోవునని వాదములు జరిగినవి; రెండు సమావేశములు పట్టినవి; తుదకు తీర్మానమైనది. మా హాలు మేమే పడగొట్టించినపిదప, మీది లేదా యను ప్రశ్న యెవ్వరును వేయలేకపోయిరి. గుడి పెద్దలు అర్చకునితో ఆలోచించి దుకాణముల నెత్తివేసిరి. చెట్టును రాయియు అట్లేయున్నవి. పార్కులలోను, వీధులలోను అనుమతి లేని ప్రార్థనాలయములను క్రొత్తగా కట్టనీయరాదనియు, పాతవానిని ఒక్కొక్కదానినిగా విచారింపవలెననియు 2009లో సుప్రీం కోర్టు చెప్పినదానినిబట్టి ఆ విచారణ ప్రభుత్వముదే. పెద్దమనిషి గోడ, నోటీసు, సమాధానము, విచారణ అన్నియు నడచి, అర్జీ పెట్టిన పదునొకండవ నెలలో పడినది. అద్దెగది మాత్రము కోర్టు స్టేలో నున్నది. ఒక యింటివారు మేడమెట్ల ప్రక్క గదిని వాచ్‌మన్ కుటుంబమున కిచ్చిన తరువాత, గుడిసెను వారే విప్పుకొని రేకులు తీసికొనిపోయిరి. ఇప్పుడు పార్కు 1100 గజములు. అద్దెగది క్రింద 60, గుడి క్రింద 40 మిగిలియున్నవి.

పెద్దమనిషి నాతో మాటలాడుట మానెను. బహుమానమును నిలిచినది, దానిని మేము ఉపాధ్యాయులము తలకొంత వేసికొని యిచ్చుచున్నాము. నాకు దుఃఖము లేదని చెప్పను. మా తల్లి యిప్పటికిని ఆయనకు దండము పెట్టును, అది న్యాయమే. ఋణము వ్యక్తిగతము, నేల వ్యక్తిగతము కాదు. నా ఋణమును పిల్లల నేలతో తీర్చుటకు నాకధికారము లేదు.

ఈ యనుభవమునుండి నాకు తోచిన క్రమము చెప్పెదను. పార్కు ద్వారముకడ లేఅవుటు పటమును, కొలతలను బోర్డుపై వ్రాయింపవలెను. మూలలయందు రాళ్లు పాతింపవలెను. మొదటి మాట మనిషితో నెమ్మదిగా చెప్పవలెను. రెండవది కాగితముపై చెప్పవలెను. రెంటికి నడుమ ఏండ్లు గడవరాదు. తీయునపుడు సంఘముల కట్టడములు, కలిగినవారి గోడలు ముందు; దైవస్థలములు సంప్రదింపుతో; నివాసపు గుడిసె చివర, అదియు వేఱొక చోటు చూపిన పిమ్మట. రుసుము గట్టి క్రమబద్ధము చేసికొనవచ్చునను ఆశ పార్కుల విషయమున ఎవ్వరికిని కలిగింపరాదు; ఆ యాశయే క్రొత్త గోడలకు పునాది. అన్నిటికంటె ముఖ్యముగా నేలను వాడుకొనవలెను. దినమును పిల్లలాడు చోట ముండ్లకంచె లేవదు.

ఇంగ్లండులో కొన్ని పారిష్‌లయందు ఏటేట ఊరివారు పిల్లలను వెంటబెట్టుకొని సరిహద్దువెంట నడచి, హద్దురాళ్లను కఱ్ఱలతో కొట్టించు ఆచారముండెను. కొన్నిచోట్ల నేటికిని గలదు. పటములు లేని దినములలో హద్దు పిల్లల జ్ఞాపకమున నిలువవలెనని దాని యుద్దేశము. మనకు పటములున్నవి; జ్ఞాపకము లేదు. అందుచేత మా బడిలో ప్రతి జనవరి 26వ తేదీ జెండా వందనము కాగానే, ఎనిమిదవ తరగతివారు టేపు తీసికొని పార్కును కొలిచి, అంకెలను బోర్డుపై వ్రాయుచున్నారు. ఇందులో ఎవ్వరిని నిందించుట లేదు. ఎవ్వరి ముఖమును చూడవలసిన పనియు లేదు. ఒక గజము తగ్గినచో ఆ దినముననే తెలియును. ఆ దినముననే పోయి, అయ్యా, ఈ మల్లెపాదు కొంచెము లోపలికి జరుపుకొనుడని మర్యాదగా చెప్పవచ్చును. ఆ మాట అప్పుడు చెప్పుట అమర్యాద కాదు. పదునాలుగేండ్లు ఊరకుండి, పిదప యంత్రమును పిలుచుటయే అమర్యాద.